మీకు తెలుసా? పని మానకుండానే అంతర్జాతీయ వ్యాపారం చదవొచ్చు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, డిండోలి వైపు వెళ్తే తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. తెలంగాణ నేత పల్లెల నుంచి మగ్గాల పని కోసం వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు కూడా చేసిన కుటుంబాలు ఎన్నో. పదితోనో ఇంటర్‌తోనో చదువు ఆపేసి లూమ్ ఖాతాలో, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో, వజ్రాల పనిలో కుదురుకున్నవాళ్లు వీళ్లలో చాలామంది. ముప్పై దాటాక, నలభై దాటాక ఒక లోటు తెలుస్తూ ఉంటుంది: ‘మన చేతి సరుకు విదేశాలకు పోతోంది, ఆ లెక్కా కాగితమూ మాత్రం మన చేతిలో లేవు’ అని. అంతర్జాతీయ వ్యాపారంలో డిగ్రీయో డిప్లొమానో చేయాలని ఉంటుంది. ఈ వయసులో ఎక్కడ చేరాలి, ఏది చెల్లుతుంది, ఎలా ఎంచుకోవాలి? ఈసారి ముచ్చట్లన్నీ వాళ్ల కోసమే.

సూరత్ కంటే ముందు మచిలీపట్నం!

ఈస్టిండియా కంపెనీ ఓడ ‘హెక్టర్’లో విలియం హాకిన్స్ సూరత్ తీరానికి వచ్చింది 1608లో. కానీ ఇక్కడ స్థిరంగా వ్యాపార స్థావరం పెట్టుకోవడానికి జహంగీర్ చక్రవర్తి అనుమతి దొరికేసరికి 1613 వచ్చింది. ఆలోగా 1611లోనే ఇంగ్లిషువాళ్లు మన మచిలీపట్నంలో దిగి బట్టల వ్యాపారం మొదలుపెట్టారు. గోల్కొండ రాజ్యానికి అది పెద్ద ఓడరేవు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు ప్రయాణించి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసి రాశాడు. అంటే బట్ట, వజ్రం అనే రెండు సరుకులు నాలుగు వందల ఏళ్ల కిందటే తెలుగు నేలనూ సూరత్‌నూ కలిపాయి. విదేశీ వ్యాపారం మనకు కొత్త విద్య కాదు.

ఈస్టిండియా కంపెనీకే అప్పు ఇచ్చిన సూరత్ షావుకారు

పదిహేడో శతాబ్దంలో సూరత్‌లో వీర్జీ వోరా అనే వర్తకుడు ఉండేవాడు. మిరియాలు మొదలుకొని ఎన్నో సరుకుల్లో వ్యాపారం చేశాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆయన దగ్గర పదే పదే అప్పులు తీసుకున్నారు. ఏ కళాశాలలోనూ చదవకుండానే దూరదేశాల ధరలు, వడ్డీలు, ఓడల రాకపోకలు ఔపోసన పట్టాడు. పనిలో నేర్చుకున్నది కూడా చదువేనని చెప్పడానికి ఈ ఊరి చరిత్రే సాక్ష్యం. మగ్గం దగ్గరో మార్కెట్‌లోనో పదేళ్లు గడిపినవాళ్లు తరగతి గదిలోకి ఖాళీ చేతులతో వెళ్లరు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లో

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ డిగ్రీ చదివే వీలును ఈ దేశంలో ముందుగా కల్పించింది తెలుగు గడ్డే. 1982 ఆగస్టు 26న హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటిది. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దానికి తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి, కరీంనగర్ జిల్లా బిడ్డ. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసి వచ్చిన ఆయన, ఇంటర్ చదవనివాళ్లకూ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ తలుపు తెరిచారు. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ తొలి ఉపకులపతి ఆయనే. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) అధ్యక్షుడూ అయ్యారు. సూరత్ తెలుగువాళ్లలో కరీంనగర్ మూలాలున్నవాళ్లు ఎందరో. చదువు మధ్యలో ఆపేసినవాళ్ల కోసం దేశమంతటికీ దారి వేసిన పెద్దమనిషి తమ జిల్లావాడేనని వాళ్ల పిల్లలకు తెలియాలి.

హైదరాబాద్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య సూరత్‌లో ఎందుకు ఉండదు?

యూజీసీ నిబంధన ప్రకారం రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులను తన రాష్ట్రంలోనే నడపాలి. కాబట్టి ‘ఫలానా తెలుగు రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య కేంద్రం, సూరత్ శాఖ’ అని బోర్డు కనిపిస్తే ముందు అనుమానించాలి. సూరత్‌లో ఉండేవాళ్లకు దారులు మూడు. మొదటిది ఇగ్నో. అది కేంద్ర సంస్థ, దేశమంతటా ఉంది. గుజరాత్‌లో దానికి అహ్మదాబాద్, రాజ్‌కోట్‌లలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. రెండోది గుజరాత్ ప్రభుత్వం 1994లో అహ్మదాబాద్‌లో నెలకొల్పిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని పేరు కూడా అంబేద్కర్‌దే: డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. హైదరాబాద్‌దీ ఇదీ ఒకటే అనుకుని దరఖాస్తు పెట్టకండి. మూడోది ఆన్‌లైన్ కోర్సు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే గుర్తింపు పొందిన కోర్సులకు రాష్ట్రాల సరిహద్దు అడ్డు లేదు.

గుర్తింపు విశ్వవిద్యాలయానికి ఉంటే చాలదు!

చాలామంది మోసపోయేది ఇక్కడే. దూరవిద్యకైనా ఆన్‌లైన్‌కైనా యూజీసీ అనుమతి ఇచ్చేది ఒక్కొక్క కోర్సుకు, నిర్ణీత విద్యాసంవత్సరాలకు. విశ్వవిద్యాలయం పేరు గొప్పదే కావచ్చు, మీరు చేరబోయే కోర్సుకు ఈ ఏడాది అనుమతి లేకపోతే ఆ పట్టా పనికిరాదు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో మూడు పేర్లు చూసుకోవాలి: విశ్వవిద్యాలయం, కోర్సు, విద్యాసంవత్సరం. మూడూ ఒకే జాబితాలో కలిస్తేనే డబ్బు కట్టాలి. 2024 నుంచి ఇలాంటి కోర్సుల్లో చేరేవాళ్లు ముందుగా ఆ విభాగం దగ్గర డెబ్-ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. దాని ఊసే ఎత్తకుండా ‘ఈరోజే సీటు, ఈరోజే రసీదు’ అనే ఏజెంటుకు దండం పెట్టి లేచి రావడం మేలు. అనుమతి ఉన్న చోట పొందిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని యూజీసీయే చెప్పింది.

‘పది రోజుల్లో ఎంబీఏ’ మీద యూజీసీ హెచ్చరిక

2024 ఏప్రిల్‌లో యూజీసీ ఒక ప్రకటన చేసింది. గుర్తింపు ఉన్న డిగ్రీల పేర్లను పోలిన పేర్లతో ఆన్‌లైన్ కోర్సులు అమ్ముతున్నారనీ, ‘పది రోజుల ఎంబీఏ’ అలాంటిదేననీ జనాన్ని అప్రమత్తం చేసింది. యూజీసీ గుర్తించిన డిగ్రీ పేరును చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలే వాడాలి. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు తక్కువ రోజుల కోర్సు ఆశ పుట్టిస్తుంది, సహజమే. అయితే నైపుణ్యం కోసం చేసే చిన్న కోర్సు వేరు, డిగ్రీ వేరు. చిన్న కోర్సును చిన్న కోర్సుగానే, తగిన ఫీజుకే చేయండి.

పది కూడా పూర్తి కాలేదా? తెలుగులోనే రాయొచ్చు

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు ఎన్నో మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. వాటిలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి బడిలో చదివి ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఆగిపోయినవాళ్లకు జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ ఉంది. 1989లో ఏర్పడిన ఈ సంస్థ పదో తరగతి పరీక్షను తెలుగులోనూ గుజరాతీలోనూ రాయనిస్తుంది. ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు, ఒక్కొక్కటీ పాసవుతూ పోవచ్చు. గరిష్ఠ వయసు లేదు. డిగ్రీలో చేరేముందు పది, ఇంటర్ మెట్లు పూర్తి చేయడమే క్షేమం. మెట్టు దాటేసి తెచ్చుకున్న డిగ్రీ మీద తర్వాత ఉద్యోగాల్లో, పై చదువుల్లో అభ్యంతరాలు వస్తాయి.

క్యాట్‌కు వయసు అడ్డు కాదు

ఐఐఎంలలో ప్రవేశానికి రాసే క్యాట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. ఏ డిగ్రీ అయినా 50 శాతం మార్కులుంటే రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. 2017లో పట్నాలో ఒక పెద్దాయన 98 ఏళ్ల వయసులో నలంద సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో ఎంఏ పాసయ్యారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం చదువుకు విరామం వచ్చినవాళ్ల కోసమే 1947లో ప్రత్యేక కళాశాల ఏర్పాటు చేసింది. బ్రిటన్ 1969లో ఓపెన్ యూనివర్సిటీనే స్థాపించింది. ఆలస్యంగా చదవడం లోపమని ఏ గొప్ప విద్యాసంస్థా అనుకోలేదు. మనమే అనుకుంటున్నాం.

చదువుకు వారానికి ఎన్ని గంటలు కావాలి?

దీన్ని ముందే లెక్కగట్టవచ్చు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం 30 గంటల చదువు ఒక క్రెడిట్. ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు. 52 వారాలకు పంచితే వారానికి దాదాపు 23 గంటలు. పన్నెండు గంటల పాళీ చేసేవాళ్లకు ఇది కుదరదు. అందుకే ఎంచుకునేటప్పుడు ‘ఎన్నాళ్లలో పూర్తవుతుంది’ అని కాక, ‘ఎన్నాళ్ల దాకా సాగదీసుకోవచ్చు’ అని అడగాలి. కోర్సుకు కనీస గడువుతో పాటు గరిష్ఠ గడువు కూడా ఉంటుంది. పని చేసేవాళ్లకు ఆ రెండోదే ముఖ్యం. ఇదే విధానంలో ఇంకో మంచి మాట ఉంది: పని అనుభవానికీ క్రెడిట్లు ఇవ్వొచ్చు. మీరు చేరే విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తోందా అని రాతపూర్వకంగా అడగండి.

ఎగుమతిదారు కావడానికి డిగ్రీ అక్కర్లేదు!

ఈ దేశం నుంచి సరుకు ఎగుమతి చేయాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఐఈసీ కావాలి. అది పది అక్షరాలు, అంకెల సంఖ్య. ఇప్పుడు మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, రుసుము 500 రూపాయలు. విద్యార్హత అడగరు. ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు సరిచూసి నమోదు చేయాలి.

మరి డిగ్రీ దేనికి? నంబరు ఎవరికైనా వస్తుంది, సరుకు పంపాక డబ్బు చేతికి రావడమే కష్టం. ఆ మధ్యలో జరిగేదంతా చదువులో ఉంది. కింది మూడు ముచ్చట్లూ దానికి ఉదాహరణలు.

సీఐఎఫ్ అంటే నష్టం ఎవరిది?

బీమా, ఓడ కిరాయి అమ్మేవాడే కట్టే ఒప్పందాన్ని సీఐఎఫ్ అంటారు. ‘కిరాయి నేనే కట్టాను కాబట్టి సరుకు అవతలి రేవు చేరేదాకా పూచీ నాదే’ అని చాలామంది అనుకుంటారు. కాదు. హజీరా రేవులో సరుకు ఓడ ఎక్కగానే నష్టభయం కొన్నవాడికి మారిపోతుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదలుపెట్టిన ఇన్‌కోటర్మ్స్ నియమాలివి. 2020 కూర్పులో 11 ఉన్నాయి. వాటిలో ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కించేదాకానే అమ్మేవాడి ఖర్చు), సీఐఎఫ్ సహా నాలుగు నీటి రవాణాకే వర్తిస్తాయి. విమానంలో పోయే వజ్రాల పొట్లానికి ఎఫ్‌ఓబీ అని రాయడం అలవాటైతే అయి ఉండొచ్చు, నియమం ప్రకారం మాత్రం తప్పు. గొడవ వచ్చిన రోజున ఆ మూడు అక్షరాలే లక్షల రూపాయల లెక్క తేలుస్తాయి.

బ్యాంకు మీ బట్టను చూడదు

లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొన్నవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) మీద వ్యాపారం చేస్తే బ్యాంకు సరుకును కాక కాగితాలనే చూస్తుంది. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమావళి చెప్పేది ఇదే. పత్రాలు పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాల గడువు. నాణ్యమైన బట్ట తాకాలకు తాకాలు సమయానికి పంపినా, ఇన్వాయిస్‌లో సరుకు వివరం లెటర్‌లో ఉన్నదానికి భిన్నంగా ఉంటే చెల్లింపు ఆగిపోవచ్చు. మార్కెట్‌లో ముప్పై ఏళ్ల నుంచీ నోటిమాట మీద వ్యాపారం చేసినవాళ్లకు ఈ పాఠం కొత్తగా ఉంటుంది. తప్పకుండా నేర్చుకోవాల్సిన పాఠమూ ఇదే.

మీ సరుకుకు ప్రపంచమంతటా ఒకే నంబరు

ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1988 నుంచి అమలు చేస్తున్న హెచ్‌ఎస్ పద్ధతిలో ప్రతి సరుకుకూ కోడ్ ఉంటుంది. మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతి పాటించే అన్ని దేశాల్లో ఒకటే. మన దేశం మరో రెండు కలిపి ఎనిమిది అంకెలు వాడుతుంది. సూరత్ పాలియెస్టర్ ఫిలమెంట్ బట్ట 54వ అధ్యాయంలోకి, వజ్రం 71వ అధ్యాయంలోకి వస్తాయి. కోడ్ తప్పు రాస్తే సుంకమూ మారుతుంది, రాయితీ కూడా పోతుంది. ముడి వజ్రానికైతే 2003లో మొదలైన కింబర్లీ ధ్రువపత్రం లేకుండా ఆ ఒప్పందంలోని దేశాల మధ్య సరిహద్దు దాటే వీలు లేదు. మీరు చూస్తున్న కోర్సు సిలబస్‌లో ఇన్‌కోటర్మ్స్, లెటర్ ఆఫ్ క్రెడిట్, కస్టమ్స్ వర్గీకరణ, విదేశీ మారకం అనే నాలుగూ ఉన్నాయా? లేకపోతే అది పేరుకే అంతర్జాతీయం.

విదేశీ వ్యాపారం నేర్పే జాతీయ సంస్థ కాకినాడలో

విదేశీ వ్యాపారం నేర్పడానికే కేంద్రం 1963లో నెలకొల్పిన సంస్థ ఐఐఎఫ్‌టీ. ఢిల్లీ, కోల్‌కతా తర్వాత దాని ప్రాంగణం 2022లో కాకినాడలో మొదలైంది. అక్కడ ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల సమీకృత కోర్సు ఉంది. బీబీఏతో మొదలై అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏతో పూర్తవుతుంది. అది పూర్తికాలపు చదువు, సూరత్ తెలుగు కుటుంబాల్లో ఇంటర్ చదివే పిల్లలకు మంచి అవకాశం. రెండేళ్ల ఎంబీఏకు ఇప్పుడు క్యాట్ స్కోరు తీసుకుంటున్నారు. పనిలో ఉన్న పెద్దలు ఇదే సంస్థ ఉద్యోగుల కోసం నడిపే ఎగ్జిక్యూటివ్ డిప్లొమాను పరిశీలించాలి.

అందరికీ ఎంబీఏనే అవసరం లేదు

డిగ్రీ ఉండి, ఎగుమతి పని తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇగ్నోలో ‘అంతర్జాతీయ వ్యాపార కార్యకలాపాలు’ అనే పీజీ డిప్లొమా ఉంది. కనీస కాలం ఏడాది. ఇంకో వెసులుబాటు: 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చేయనిస్తోంది. బీకాం కళాశాలలో, ఇంకో కోర్సు దూరవిద్యలో చదువుకోవచ్చు. రెండూ తరగతి గది కోర్సులైతే వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. సొంత వ్యాపారం పెంచుకునేవాళ్లకు డిప్లొమా చాలు. కంపెనీలో పై స్థాయి ఉద్యోగం కావాలంటే డిగ్రీ అవసరం. ముందు ఇది తేల్చుకుంటే ఫీజు సగం ఆదా అయినట్టే.

వీసా లేకుండా విదేశీ డిగ్రీ

గాంధీనగర్ దగ్గర గిఫ్ట్ సిటీలో ఆస్ట్రేలియాకు చెందిన డీకిన్ విశ్వవిద్యాలయం 2024లో తరగతులు మొదలుపెట్టింది. భారత్‌లో సొంత ప్రాంగణం తెరిచిన తొలి విదేశీ విశ్వవిద్యాలయం అదే. వొల్లాంగాంగ్ విశ్వవిద్యాలయమూ అక్కడికి వచ్చింది. కోర్సులు తక్కువ, ఫీజు ఎక్కువ. పేరు చూసి కాక, సిలబస్‌లో మీకు కావాల్సింది ఉందో లేదో చూసి నిర్ణయించుకోండి. ఇక ఏదో విదేశీ సంస్థ మన ఎడ్‌టెక్ కంపెనీతో కలిసి ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ అంటే, దానికి ఇక్కడ గుర్తింపు ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

భార్య చదువు అప్పు వడ్డీకీ పన్ను మినహాయింపు

ఉన్నత విద్యకు బ్యాంకులో తీసుకున్న అప్పు మీద కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. మీ చదువుకైనా, భార్య లేదా భర్త చదువుకైనా, పిల్లల చదువుకైనా వర్తిస్తుంది. ఎనిమిదేళ్ల దాకా పొందొచ్చు, వడ్డీ మొత్తానికి పరిమితి లేదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే ఇది. పెళ్లితో చదువు ఆగిపోయిన అక్కచెల్లెళ్లు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. ఇంట్లో లెక్కలు రాసేదీ, చీరల మీద కుందన్లు అతికించి పైకం తెచ్చేదీ చాలాచోట్ల వాళ్లే. ఇంట్లో ఒకరే చదవగలిగితే వాళ్ల పేరు కూడా ముందు వరుసలో ఉండాలి.

చేరేముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఈ కోర్సుకు, ఈ ఏడాదికి యూజీసీ అనుమతి ఉందా? గరిష్ఠంగా ఎన్నేళ్లలో పూర్తి చేయొచ్చు? తరగతులు, పరీక్షలు నా పాళీకి, సెలవుకు కుదురుతాయా, పరీక్షా కేంద్రం సూరత్‌లో ఉందా? నా పనిలో దొరకని పాఠం సిలబస్‌లో ఏముంది? పరీక్ష రుసుము, పుస్తకాలు, మళ్లీ రాస్తే అయ్యే ఖర్చు కలిపి మొత్తం ఎంత? ఈ ఐదింటికీ కాగితం మీద జవాబు ఇచ్చేది మంచి కోర్సు. నోటితో మాత్రమే చెప్పేది కాదు.

2023 డిసెంబరులో సూరత్ ఖజోద్‌లో ప్రారంభమైన వజ్రాల బోర్సులో నాలుగు వేలకు పైగా కార్యాలయ గదులున్నాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో చాలా భాగం ఈ ఊరిదే. పాలియెస్టర్ బట్టకూ ఇదే రాజధాని. ఇంత వ్యాపారం జరిగే ఊళ్లో తెలుగువాళ్లు చేతిపనికే పరిమితం కాకూడదు, కాగితం మీద సంతకం పెట్టే చోటికీ చేరాలి. ఇగ్నోలో ఏటా జనవరి, జులై విడతల్లో ప్రవేశాలు ఉంటాయి. ఈసారి ప్రకటన రాగానే ఈ ఐదు ప్రశ్నలు చేతపట్టుకుని వెళ్లండి. మీకు వీలు కాకపోతే, ఇంట్లో చదువు ఆగిపోయిన ఒక్కరినైనా పంపండి.